ఊపిరి అక్కరలేని డబ్బా

బొగ్గులు అంటించడానికి ఏది కొనాలని నా కోడలు అడిగింది. ఇది కూడా ఒక ప్రశ్నేనా అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకుని, అనపకాయలు ఒలుస్తూ తల కూడా ఎత్తలేదు. కానీ ఆ ప్రశ్నకు నా కొడుకు చెప్పిన జవాబు విన్నప్పటి నుంచి నాకు తిన్నది ఒంటపట్టడం లేదు. మనసు ఎప్పుడో వదిలేసి వచ్చిన లైను ఇంటికి పోయి అక్కడే తిరుగుతోంది.

మా కోడలు శాంతి మా ఊరికి దగ్గర్లోని నరసాపురంలో ఒక ఫ్యాక్టరీలో వైర్లు బిగించే పని చేస్తుంది. తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కుతుంది. వాళ్ళ వార్షికోత్సవంలో చీటీలు తీస్తే పక్కామెకు మిక్సీ వచ్చిందట, మా శాంతికి బొగ్గుల మీద మాంసం కాల్చే గ్రిల్లు వచ్చింది. మూడు కాళ్ళు, పైన మూత, కింద బూడిద తట్ట. బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చింది పాపం. ఆ మిక్సీ అయినా తగిలి ఉండకూడదా అని కొన్నాళ్ళు సణిగి, ఆ తరువాత తనే ముచ్చటపడి, వచ్చే ఆదివారం చర్చి నుంచి వచ్చాక మిద్దె మీద కోడి కాలుద్దాం అంది. మరి బొగ్గులు అంటించేది ఎలా అని ఫోనులో వెతికితే, అబ్బో, దానికి ఒక పెద్ద సంతే ఉంది. తుపాకీలాగా మంట చిమ్మే గ్యాసు గొట్టం ఒకటి. కరెంటు పెడితే ఎర్రగా కాలే తీగ ఒకటి. బొగ్గులు పోసి అడుగున కాగితం అంటించే పిడి ఉన్న ఇనుప డబ్బా ఒకటి. మీట నొక్కితే గాలి కొట్టే బ్యాటరీ బ్లోయరు ఒకటి. ఒక్కొక్కటీ నాకు చూపించి, "అత్తా, మీ కాలంలో కుంపట్లే కదా ఉండింది. మీరు చెప్పండి, ఏది తీసుకునేది?" అని అడిగింది.

"ఏదీ వద్దు. మనిషికి నోరుంటే చాలు" అన్నాను. అని ఊరుకోకుండా, లేచి పోయి అటక మీద గోనెసంచిలో చుట్టి ఉన్న ఇనుప ఊదుగొట్టం తెచ్చి నా కొడుకు డేవిడ్ చేతిలో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, బరువు చూసి, టీవీ పక్కన పెట్టేశాడు.

"ఇప్పుడెవురుమా ఊదేది. బ్లోయరు తీసుకో శాంతీ. ఊదితే బూడిదంతా కంట్లో పడతాది" అన్నాడు.

ఆ మాట నేను విన్న మాటే. అచ్చం అదే మాట, అదే తేలిక గొంతుతో. నా చేతిలో అనపకాయ చేతిలోనే ఉండిపోయింది. డేవిడ్‌కు నలభై నిండలేదు. అప్పటికి బెంగళూరులో వంటింటి గట్లకు వేసే పలకలు కోసే చోట పనిచేస్తున్నాడు. ఇప్పుడవి గ్రానైటు కూడా కాదట, రాతిపొడికి జిగురు కలిపి అచ్చు పోసినవట. మిషను పెట్టి కోస్తే పిండిమరలో లేచినట్టు దుమ్ము లేస్తుందని వాడే ఒకసారి నవ్వుతూ చెప్పాడు. పొద్దున్నే మా మారికుప్పం స్టేషనులో రైలెక్కి, చీకటి పడ్డాక దిగేవాడు. స్నానం చేసినా చెవుల వెనక తెల్లగానే ఉండేది. కొన్నాళ్ళుగా మిద్దె మెట్లు ఎక్కుతూ సగంలో ఆగి ఫోను చూసుకునేవాడు. ఆ ఫోనులో ఏమీ ఉండదని నాకు తెలుసు, కింద నుంచి చూస్తూనే ఉన్నాను కదా. అప్పుడు నా భయం ఒక్కటే. నా కొడుకు ఊపిరి తగ్గిపోతోంది, వాడు దాన్ని దాస్తున్నాడు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఊపిరి దాచుకునే మనిషి ఎలా ఉంటాడో నేను చిన్నప్పుడే ఒకసారి చూశాను.

మా నాయన పేరు దేవదానం. బంగారు గనిలో మిషను పట్టేవాడు. మిషనంటే రాతికి రంధ్రాలు వేసేది. దాన్ని రొమ్ముకు ఆనించుకుని నిలబడాలంటే మామూలు ఒళ్ళు చాలదు. మేము ఉన్నది గని కంపెనీ వాళ్ళు పనివాళ్ళకు వరసగా కట్టించి ఇచ్చిన లైను ఇల్లు. ఒకే గోడకు ఇటు మేము, అటు సెల్వం మామ వాళ్ళు. వాళ్ళది తమిళం, మాది తెలుగు. వాళ్ళింట్లో తాలింపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు వచ్చేవి. నాయన షిఫ్టు దిగి వస్తుంటే ముందు ఆయన వాసన వచ్చేది, నూనె, తడి రాయి, బీడీ కలిసిన వాసన. అమ్మ ఆయన చొక్కాను ఇంట్లోకి రానిచ్చేది కాదు. గుమ్మం బయట మేకుకు తగిలించి, చీపురు కట్టతో కొట్టి దుమ్ము దులిపి, తరువాతే బకెట్లో వేసేది. ఆ దుమ్ము ఎండలో మెరిసేది. బంగారమేమో అని నేను అరచేయి పట్టేదాన్ని. "మొహం చూడు, బంగారమంట. తుడుచుకోపో" అని అమ్మ ఒక్కటి వేసేది.

మా అమ్మకు మాట తక్కువ, చేయి ఎక్కువ. వంట ఆమె రాజ్యం. పాత బకెట్‌కు లోపల మట్టి మెత్తి చేసిన కుంపటి మాది. పొగ ఇంట్లోకి రాకూడదని గుమ్మం బయటే రాజేసి, బొగ్గులన్నీ ఎర్రబడి పొగ చచ్చాక, చెవులు పట్టుకుని లోపలికి తెచ్చేవాళ్ళు. వారమంతా ఈ పని ఆడవాళ్ళదే. ఆదివారం మాత్రం మగవాళ్ళది. ఇది ఎవరు పెట్టిన కట్టుబాటో నాకు తెలియదు కానీ మా లైనులో అలాగే నడిచేది. చర్చికి పోయేవాళ్ళు చర్చి నుంచి వచ్చి, పోనివాళ్ళు నిద్ర లేచి వచ్చి, తెల్ల చొక్కాలు విప్పేసి బనియన్లతో గుమ్మాల ముందు కుంపట్లు పెట్టుకుని వరసగా కూర్చునేవాళ్ళు. తలా ఒక ఊదుగొట్టం. సెల్వం మామ చప్పట్లు కొట్టగానే అందరూ ఒక్కసారి ఊదడం మొదలుపెట్టేవాళ్ళు. ఎవరి బొగ్గులు ముందు ఎర్రబడితే వాళ్ళది గెలుపు. ఆఖరున అంటుకున్నవాడు లైనంతటికీ టీ ఇప్పించాలి. లోపల మాంసం కడిగి, అల్లం నూరి, ఆడవాళ్ళు ఎదురుచూస్తుంటే బయట ఈ ఆట. చిన్నపిల్లల మాదిరి చేస్తారని అమ్మ విసుక్కునేది గానీ గుమ్మం దగ్గరికి వచ్చి చూసేది.

గెలిచేది ఎప్పుడూ మా నాయనే. ఆయన ఊదుగొట్టం గనిలో మిషనుకు గాలి తెచ్చే పాత పైపు ముక్క, మొన్న నేను అటక మీద నుంచి దించింది అదే. మిగిలినవాళ్ళు బుగ్గలు ఉబ్బించి బుసబుసమని ఊదితే ఆయన బుగ్గ కదిలేది కాదు. పొట్ట లోపలి నుంచి ఒకటే ఊపిరి, సన్నగా, తెగకుండా వచ్చేది. బొగ్గు మీద ఒక చోట ఎర్రచుక్క పుట్టి, అది పక్క బొగ్గుకు, దాని పక్కదానికి పాకిపోయేది. మధ్యలో ఆయన తల ఎత్తేవాడు కాదు. అయ్యాక పైకి చూసి నవ్వేవాడు, బూడిద మీసంతో. నాకు మా నాయన కంటే గొప్పవాడు లోకంలో లేడనిపించేది.

అలాంటి మనిషి ఒక ఆదివారం విసనకర్ర తీసుకుని కూర్చున్నాడు. సెల్వం మామ పడీపడీ నవ్వాడు. "ఏందన్నా ఇది, ఆడోళ్ళ మాదిరి ఇసురుకుంటా ఉండావు?"

"ఊదితే బూడిదంతా కంట్లో పడతాది సెల్వం. కండ్లు మండతా ఉండాయి" అన్నాడు నాయన.

కండ్లు మంటలని అమ్మ ఆముదం పెట్టింది. తగ్గలేదు, అంటే ఆయన మళ్ళీ ఊదుగొట్టం పట్టలేదు. విసనకర్రతో కూడా ఎంతసేపని విసురుతాడు? చేయి ఆగేది, బొగ్గు నల్లబడేది. టీ ఇప్పించే వంతు తరచుగా మాదే అయింది. ఆ తరువాత పాత గుడ్డ పీలికలు కిరసనాయిలులో ముంచి బొగ్గుల కింద పెట్టి అంటించడం మొదలుపెట్టాడు. భగ్గుమని లేచేది. ఆ పూట కూరంతా కిరసనాయిలు కంపు. మా అమ్మ కుంపటిని అలాగే ఎత్తి కాలవలో బోర్లించింది. "ఈ కంపు కూర నేను తినను, నా బిడ్డకు పెట్టను. చాతనయితే ఊదు, కాకుంటే లే, నేను ఊదుకుంటాను" అంది, లైనంతా వింటుండగా. నాయన మొహం చిన్నబోయింది. నాకు అమ్మ మీద ఒళ్ళు మండింది.

ఆ మరుసటి ఆదివారానికి ఆయన డబ్బా చేశాడు. ఎవరింట్లోనో ఖాళీ అయిన పొడవాటి నూనె డబ్బా అడిగి తెచ్చాడు. పైన మూత కోసేశాడు. అడుగున, చుట్టూ, మేకుతో రంధ్రాలు పొడిచాడు. నేను డబ్బాను రెండు కాళ్ళ మధ్య గట్టిగా పట్టుకుంటే ఆయన సుత్తితో కొట్టాడు. ప్రతి దెబ్బకూ నా పళ్ళు గలగలమన్నాయి. లోపల సగానికి ఇనుప జల్లెడ ముక్క పెట్టి, పైన తీగతో పిడి కట్టాడు. కింద కాగితం, జల్లెడ మీద బొగ్గులు. అగ్గిపుల్ల గీసి కాగితానికి పెట్టి, లేచి పోయి గుమ్మం మీద కూర్చుని బీడీ తీశాడు. లైనంతా మూగి చూస్తోంది. కాసేపు పొగ వచ్చింది. తరువాత డబ్బా లోపల బుర్రుమని ఒక శబ్దం. వంగి చూస్తే లోపల బొగ్గులు నిప్పుకణికలై ఉన్నాయి.

"ఎట్లన్నా ఇది?" అన్నాడు సెల్వం మామ, నోరు తెరిచి.

"మన షాఫ్టులో గాలి ఎట్ల తిరుగుతాది? కింద యాడో ఒక చోట లోపలికి పోతాది, వేడెక్కి పైకి పోతాది. ఇదీ అంతే. దీనికి మనిషి ఊపిరితో పని లేదు" అన్నాడు నాయన.

అంతే, గనిలోకి దిగే నిలువు బావి పేరే ఆ డబ్బాకూ పడిపోయింది, షాఫ్టు అని. మా నాయన తెలివి ఆ లైను దాటి పక్క లైనుకు కూడా పోయింది. ఎవరెవరో ఖాళీ డబ్బాలు పట్టుకుని వచ్చి, "అన్నా, మాకూ ఒకటి కొట్టియ్యి" అని నిలబడేవాళ్ళు. సెల్వం మామ అందరికంటే ముందు చేయించుకున్నాడు. చూస్తుండగానే గుమ్మం గుమ్మానికీ ఒక షాఫ్టు వచ్చింది. ఆదివారం ఆట తనంతట తానే ఆగిపోయింది. ఊదుగొట్టాలు మంచాల కిందికి పోయాయి. మగవాళ్ళు కాగితం అంటించి, గుమ్మాల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. నేను బడిలో మా నాయన ఏదో కనిపెట్టాడని టముకు వేసుకుంటూ తిరిగాను. ఒక్క మా అమ్మ మాత్రం దాన్ని బాగుందని ఏనాడూ అనలేదు. మొగుడు తెలివిగలవాడైతే ఈమెకేమిటో కష్టం అనుకున్నాను నేను.

నేను చూసీ చూడనివి చాలా ఉన్నాయి. నాయన గోడకు ఆనుకుని, వీపు వెనక రగ్గు మడిచి పెట్టుకుని, కూర్చునే నిద్రపోయేవాడు. కొళాయి నుంచి నీళ్ళ బిందెలు తెచ్చే పని ఆయన నుంచి అమ్మకు మారింది. షిఫ్టు దిగి వస్తూ మురుగుకాలవ గట్టు కనబడితే చాలు, కూర్చుని బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకునేవాడు. నేను ఎదురుపోతే, "ఈ తాడు దరిద్రపుదిరా" అనేవాడు. పాటల పుస్తకం పట్టుకుని చర్చిలో నిలబడి, పెదాలు మాత్రం కదిపేవాడు. ఒకప్పుడు ఆ గొంతు మూడు బెంచీల అవతలికి వినబడేది.

ఒక మధ్యాహ్నం నేను ఇంటి వెనక కరివేపాకు కోస్తుంటే లోపల వాళ్ళిద్దరి మాటలు వినబడ్డాయి.

"ఆస్పత్రికి పోదాం పా. నీ రొమ్ములో చప్పుడు నాకు పక్కలో వినబడతా ఉండాది" అంది అమ్మ.

"పోతే రొమ్ముకు ఫోటో తీస్తారు. ఫోటోలో దుమ్ము కనబడితే మిషను మీద నుంచి దించేస్తారు. ఇంగ ఈ ఇల్లు మనకు ఉంటాదా? రాయల్పాడు పోయి మీ అన్న మామిడి తోటలో కావలి కాసేదా నేను?"

"కాస్తే ఏమి? మనిషివి మిగులుతావు కదా."

"గమ్మునుండు. సెల్వానికి చెప్పద్దు. బిడ్డకు చెప్పద్దు. నా ఊపిరి సంగతి ఈ గోడ దాటకూడదు."

నిజంగా అలా దించేసి ఇల్లు ఖాళీ చేయించేవాళ్ళో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన భయం మాత్రం నిజం. ఆ లైను ఇల్లు, ఆ మిషను, ఆదివారం గెలుపు, ఇవే ఆయన మనిషితనం. అవి పోతే తాను అత్తగారి ఊళ్ళో ఒకరి చెట్టు కింద కూర్చునే మనిషి. మా అమ్మకు ఎదురు చెప్పడం వచ్చు, కుంపటి కాలవలో బోర్లించడం వచ్చు. ఆయన మాట దాటి ఇంకొకరికి చెప్పడం మాత్రం రాలేదు. ఆ పైన ఆమె ఆయన చొక్కాను దులపడం మానేసి, అలాగే నీళ్ళలో ముంచేది. పులుసులో మిరియాలు దండిగా వేసేది. రాత్రి ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పి, ఆయన పేరు దగ్గర ఆగిపోయేది.

చివరికి ఆస్పత్రికి ఆయన తన కాళ్ళ మీద పోలేదు. ఒక పొద్దున కొళాయి దగ్గర మొహం కడుక్కుంటూ కూర్చున్నవాడు లేవలేకపోయాడు. పెదాలు నేరేడు పండు రంగులోకి తిరిగాయి. సెల్వం మామ, ఇంకొకరు చేతుల మీద మోసుకుపోయారు. డాక్టరు తీసిన ఫోటోను అమ్మకు చూపించి, ఈ తెల్లటివన్నీ రాతి దుమ్మమ్మా, ఇన్నేళ్ళు ఏం చేశారు అని అడిగాడట. ఆ వానకాలం దాటకుండానే నాయన పోయాడు. ఆఖరి రోజుల్లో ఒక మాట మాట్లాడితే ఇంకో మాటకు చాలాసేపు పట్టేది. నేను మంచం దగ్గర కూర్చుని ఆయన రొమ్ము పైకి లేచేదాకా నా ఊపిరి బిగబట్టుకునేదాన్ని.

మట్టి ఇచ్చి వచ్చిన సాయంత్రం సెల్వం మామ మా గుమ్మంలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి, మొహం తుడుచుకుని, అమ్మతో అన్నమాట నేను చచ్చేదాకా మరువను.

"అక్కా, అన్న ఆ డబ్బా కొట్టిన దినం నేను బతికిపోతిని అనుకున్నా. అప్పటికే నాకూ ఊదేదానికి కావడం లే. వచ్చే ఆదివారం ఎట్ల రా దేవుడా అని వారమంతా అదే యోచన. డబ్బా వచ్చినాక ఎవురికీ తెలియకుండా పోయింది."

అమ్మ "నీకూనా" అని మాత్రం అంది.

అంటే లైనులో గుమ్మం గుమ్మానికీ పెట్టుకున్నది మా నాయన తెలివిని కాదు. ఊదలేని మగవాళ్ళంతా ఒకరి నుంచి ఒకరు దాక్కోవడానికి ఆ డబ్బాల వెనక చేరారు. ఆ ఆదివారం ఆట ఉన్నన్నాళ్ళు ఎవరి రొమ్ము ఎంతో లైనంతటికీ తెలిసేది. ఎవడైనా వెనకబడితే, ఏమిరా సంగతి అని అడిగే నాథుడు ఉండేవాడు. మేము దాన్ని చప్పట్లు కొట్టి మరీ పోగొట్టుకున్నాం. అవతలి మనిషి ఊపిరి తెలుసుకునే దారి ఒక్కటి ఉంటే, దాన్ని నూనె డబ్బాతో మూసేశాం. ఇది తలుచుకుంటే నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువ వస్తుంది. ఎవరి మీదో కూడా తెలియని కోపం.

అమ్మ ఆ తరువాత చాలా ఏళ్ళు బతికింది. కుట్టు మిషను పెట్టి నన్ను చదివించింది. పోయేముందు మాత్రం ఒకే మాట పట్టుకుంది. "నేను నోరు తెరిచి ఉంటే. ఎవురితోనైనా. పాస్టరుతోనైనా. ఆ సెల్వంతోనైనా" అని. వద్దులే అమ్మా అంటే వినేది కాదు.

తరువాత గనులు మూతపడ్డాయి. పిల్లలంతా రైలెక్కడం నేర్చుకున్నారు. మా కాలంలో మగవాళ్ళు భూమి లోపలికి దిగేవాళ్ళు, ఇప్పుడు బెంగళూరుకు పోతున్నారు, ఆమాత్రం ఎండా వెలుతురూ ఉంటే చాలు అని నేను ఎంత సంతోషపడ్డానో. డేవిడ్‌కు రాతి పని దొరికినప్పుడు కూడా, పైన పనే కదా, చీకట్లో కాదు కదా అనుకున్నాను. అప్పుడు బంగారం కోసం రాయి కొట్టారు, ఇప్పుడు ఎవరింట్లోనో గట్టు నున్నగా ఉండాలని రాయి కోస్తున్నారు. దుమ్ముకు ఆ తేడా ఏం తెలుసు? ముక్కుకు కట్టుకోవడానికి గుడ్డ ఇస్తారట. ఎండాకాలం ఆ గుడ్డతో ఊపిరాడదని అందరూ గడ్డం కిందికి లాగేసుకుంటారట. ఇవన్నీ వాడు జోకుల్లాగా చెప్పేవాడు.

గ్రిల్లు పండగ ఆదివారం రానే వచ్చింది. చర్చి నుంచి వచ్చాక శాంతి కోడి ముక్కలకు మసాలా పట్టించింది. డేవిడ్ బొగ్గుల సంచి మిద్దె మీదికి మోసుకుపోయాడు. అదేమంత పెద్ద సంచి కాదు. పైకి చేరి, దాన్ని కింద పెట్టి, పిట్టగోడ పట్టుకుని అటువైపు తిరిగి నిలబడ్డాడు. వీపు కనబడుతోంది నాకు. చొక్కా లోపల ఎముకలు లేచి పడుతున్నాయి. కాసేపటికి తిరిగి, నవ్వుతూ బ్లోయరు తీసి మీట నొక్కాడు. గాలి బుస్సున కొట్టింది. నిప్పు రవ్వలు లేచాయి. బొగ్గులు ఎర్రబడ్డాయి. "చూడుమా, ఎంత సులభం" అన్నాడు.

నేను దగ్గరికి పోయి, "ఎన్నాళ్ళయింది రా?" అని అడిగాను.

"ఏది?"

"నాకు కథలు చెప్పద్దు. మా నాయనను చూసిన కండ్లివి."

బ్లోయరు ఆపేశాడు. కింద వంటింట్లో గిన్నె చప్పుడు వినబడుతోంది. గొంతు తగ్గించి, "రొంత దుమ్ము పోయింటాదిమా. ఆడ పనిచేసే అందరికీ ఉండేదే. పోయిన సంవత్సరం మాలో ఒకతను ఇట్లే ఊరికి పోయి మళ్ళీ రాలేదు. నాకంత లేదులే. శాంతికి మాత్రం చెప్పద్దు, ఊరికే బెంగ పెట్టుకుంటాది" అన్నాడు.

నేను మెట్ల దగ్గరికి నడిచి, "శాంతీ, పైకి రా" అని కేక వేశాను. వాడు నా కొంగు పట్టుకుని లాగాడు. "మా, సుమ్నే ఉండుమా, గమ్మునుండు" అన్నాడు. నా అరవై ఎనిమిదేళ్ళ బతుకులో కొడుకు చేతిని అంత గట్టిగా విదిలించుకున్నది అదొక్కసారే.

శాంతి మసాలా చేతులతోనే వచ్చింది. నేను చెప్పేశాను. నీ మొగుడి రొమ్ములో రాతి దుమ్ము ఉంది, అది నీకు చెప్పొద్దంటున్నాడు, నేను చెబుతున్నాను అని. ఆమె ఏడవలేదు, అయ్యో అనలేదు. మొగుడి వైపు చూసి, "నాకు తెలుసత్తా" అంది. "రాత్రంతా గోడకానుకొని కూర్చుంటాడు. అడిగితే, అమ్మకు చెప్పద్దు, ముసలి ప్రాణం తట్టుకోదు అని నాతో ఒట్టు పెట్టించుకున్నాడు. మీ మొహం చూడలేక నేను ఎన్ని దినాలు ఫ్యాక్టరీ బాత్రూములో ఏడ్చినానో."

ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, నా అనుమానం ఆమెకు తెలియకూడదని నేను, ఆమెకు తెలిసింది నాకు తెలియకూడదని ఆమె. నాకు నవ్వు వచ్చింది, అది నవ్వులా లేదు. శాంతి మసాలా చేతులు కొంగుకు తుడుచుకుని, "రేపు పనికి పోయేది లేదు. ఆస్పత్రికి పోతా ఉండాము. నేను లీవు చెప్తాను" అంది. వాడు ఏదో అనబోయాడు. "నేను అడగలేదు, చెప్తా ఉండాను" అంది. కోడి ముక్కలు ఆ పూట ఎవరం కాల్చలేదు. సాయంత్రం పెనం మీద వేయించింది.

ఆస్పత్రిలో ఫోటో తీశారు. డాక్టరు చిన్న వయసు పిల్ల. కంప్యూటరులో చూపించి, మెత్తగా చెప్పింది. చేరిన దుమ్మును తీయలేము, ఇక కొత్తగా చేరకుండా చూసుకోవాలి, ఆ మిషను దగ్గరికి ఒక్క రోజు కూడా పోకూడదు అంది. ఎన్నాళ్ళు అని శాంతి అడిగితే, మనిషిని బట్టి ఉంటుంది, ముందే రావాల్సింది, ఇప్పటికైనా వచ్చారు అంది. వాడు ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు. నాతో సరిగా మాట్లాడడు. పేపరు చూస్తాడు, ఎవరికో ఫోన్లు చేస్తాడు, మధ్యాహ్నం మిద్దె మీదికి పోయి కూర్చుంటాడు. వాడికి ఏం పని దొరుకుతుందో, వాడి ఊపిరి ఎంత దూరం వస్తుందో నాకు తెలియదు. రాత్రి వాడి గది నుంచి దగ్గు వినబడితే లేచి కూర్చుంటాను. వినబడకపోయినా లేచి కూర్చుంటాను.

పోయిన ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మనవులు అడిగారు. ఎప్పటిలాగే ఒకాయన మోకాళ్ళ నొప్పులన్నాడు, ఒకామె మనవరాలి పరీక్షలంది. మిగిలినవాళ్ళు అనారోగ్యం అని ఊరుకున్నారు. మా చర్చిలో అనారోగ్యం అంటే ఎవరూ పేరు అడగరు, అది మర్యాద. నేను లేచి నిలబడ్డాను. పక్కన శాంతి, దాని పక్కన డేవిడ్. వాడికి అర్థమైపోయి తల వంచుకున్నాడు. అయినా చెప్పాను. నా కొడుకు డేవిడ్‌కు రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది, దాని పేరు సిలికోసిస్, మా నాయన కూడా దాంతోనే పోయాడు, మేము ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాం, వాడు బెంగళూరులో పలకలు కోసే మిషను మీద పనిచేశాడు అని, ఒక్కొక్క మాటా అందరికీ వినబడేలా చెప్పాను.

డేవిడ్ చెవులు ఎర్రబడ్డాయి. పాస్టరుగారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. నేను కూర్చోబోతుంటే వెనక బెంచీలో చీర చప్పుడైంది. తిరిగి చూస్తే, చంకలో చంటిబిడ్డతో ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఆమె పేరు కూడా నాకు తెలియదు. చర్చికి వస్తుంది, వెనకే కూర్చుంటుంది, అందరికంటే ముందు వెళ్ళిపోతుంది.

"ఆ జబ్బు పేరు ఇంగోసారి చెప్పండక్కా" అంది. "మా ఇంటాయనా ఆ మిషను మీదికే పోతా ఉండాడు."